శుక్రవారం కారు, డీజిల్ వాసన

నేను బహ్రెయిన్‌లో, అవాలి అనే చోట ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. వంట, బట్టలు, ఇద్దరు పిల్లల సంరక్షణ. వంటగది వెనక చిన్న గది నాది. మా ఆయన హిద్‌లో, రేవు పక్కన ఉన్న ఒక యార్డులో డ్రైవరు. ఓడలకు కావలసిన తాళ్లూ, గొలుసులూ, ఇనప సామానూ యార్డు నుంచి రేవుకి చేరవేయడం ఆయన పని. పడక క్యాంపులో, మగవాళ్ల గదిలో. ముందు నేను వచ్చాను, తరవాత ఆయన వచ్చాడు. ఒకే దేశంలో ఉంటే కలిసి ఉన్నట్టే అని గోదావరి జిల్లాలో కూర్చుని అనుకున్నాం. తీరా వచ్చాక దీవి నడుమ ఎడారిలో నేను, సముద్రం ఒడ్డున ఆయన. నా గదికి ఆయన రాకూడదు. ఆయన క్యాంపుకి నేను వెళ్లకూడదు.

మాకు మిగిలింది శుక్రవారం ఒక్కటే, అందులో ఒక పాత కారు.

ఆ కారు మాది కాదు. మా ఆయనకి వీసా ఇచ్చిన కఫీల్‌ది. అసలు చెప్పాలంటే కఫీల్ తండ్రిది. జీపులా ఎత్తుగా ఉండే డీజిల్ బండి. తెల్ల రంగు ఎండకి మాగి వెన్న రంగులోకి తిరిగింది. తండ్రి పోయాక అది యార్డు మూల రేకుల షెడ్డు కింద ఉండిపోయింది. అప్పుడప్పుడు స్టార్ట్ చేయకపోతే పాడవుతుందని కఫీల్ ఆ పని మా ఆయనకి అప్పజెప్పాడు. కొన్నాళ్లు చూసి మా ఆయన ధైర్యం చేసి అడిగాడు, శుక్రవారాలు నా భార్యని చూడ్డానికి తీసుకెళ్లనా అని. కఫీల్ ఒప్పుకున్నాడు. శుభ్రంగా తెచ్చిపెట్టమని మాత్రం చెప్పాడు.

ప్రతి శుక్రవారం మా వీధి మలుపులో ఆ కారు వచ్చి ఆగేది. నేను వండినది డబ్బాలో పెట్టుకుని ఎక్కేదాన్ని. వంజరం చేప పులుసు, అన్నం, ఏదో ఒక పచ్చడి. ఎక్కడో నీడ చూసుకుని కారులోనే తినేవాళ్లం, కారులోనే ఊరికి ఫోన్ చేసేవాళ్లం, కారులోనే మాట్లాడుకునేవాళ్లం, పోట్లాడుకునేవాళ్లం.

నాకు చిన్నప్పటి నుంచీ కాలు ఒకచోట నిలవదు. వారమంతా ఆ ఇంట్లో పరుగులు పెట్టి, ఆ ఒక్క రోజు సీట్లో కూర్చోవాల్సి వచ్చేసరికి ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. కారు కదులుతుంటే పరవాలేదు. ఆగిందంటే డాష్‌బోర్డు తుడిచేదాన్ని, డబ్బాలు సర్దేదాన్ని, తలుపు తీసి మళ్లీ వేసేదాన్ని. మా ఆయన మేనత్త కొడుకు. పెళ్లికి ముందూ తరవాతా ఆయన్ని బావా అనే పిలుస్తాను.

"ఆపకు బావా, ఎటైనా పోనీ" అనేదాన్ని.

"ఎక్కడికని పోనిత్తాను? ఇది దీవి. ఎటెళ్లినా సముద్రమే వత్తది" అనేవాడు.

ఆ మాటకి ఒకప్పుడు నవ్వొచ్చేది. తరవాత్తరవాత నవ్వు రావడం మానేసింది. ఇద్దరం అద్దంలోంచి ముందుకి చూస్తూ కూర్చునేవాళ్లం. ఊళ్లో కబుర్లు ఫోన్లోనే అయిపోయేవి. పని కబుర్లు చెప్పుకుంటే ఇద్దరికీ మనసు పాడయ్యేది. సాయంత్రం ఆయన నన్ను దింపి వెళ్లిపోతే, ఎదురుచూసిన శుక్రవారం ఇదేనా అనిపించేది. మళ్లీ మర్నాటి నుంచే ఎదురుచూపు.

అప్పుడు మొదలైంది డీజిల్ వాసన.

మొదటి వారం కారెక్కగానే ముక్కుకి కొట్టింది. ఏంటిది అంటే, డీజిల్ బండన్నాక వాసన రాదా అన్నాడు మా ఆయన. తరవాతి వారం ఏసీ గాలిలోంచే వచ్చింది. అద్దాలు దించితే బయట వేడి, ఎక్కిస్తే లోపల వాసన. తినబోతే చేప పులుసు కూడా డీజిలే. ఆ సాయంత్రం ఇంట్లోకి వెళ్లగానే చిన్నపిల్ల నా చున్నీ పట్టుకుని ముక్కు మూసుకుంది. ఆ ఇంటి మేడమ్ చెడ్డ మనిషి కాదు. కానీ స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే వంటగదిలోకి రమ్మంది. చేతులు సబ్బుతో తోమితోమి కడిగాను. వారమంతా ఉల్లిపాయలు తరుగుతున్నా, పిల్లలకి పాలు కలుపుతున్నా, మధ్యలో ఆగి అరచేతులు వాసన చూసుకోవడం అలవాటైపోయింది.

ఇంకో మాట ఫోన్లో తెలిసింది. యార్డులో కారు నిలిపే చోట సిమెంటు మీద తడి మరక కఫీల్ కంట్లో పడింది. ఉదయం పూట బండి వెంటనే స్టార్ట్ అవడం లేదనీ ఆయన గమనించాడు. వచ్చే నెలలో బండికి ఏటా జరిగే తనిఖీ ఉంది. కారుతున్న బండిని వాళ్లు పాస్ చేయరు. లీకు పోతే సరి, లేకపోతే ఖలాస్, తుక్కుకి పంపేస్తానన్నాడట. దాని కోసం మెకానిక్ షెడ్డు చుట్టూ తిరిగే ఓపిక ఆయనకి లేదు.

"నేనే బాగుచేత్తాను" అన్నాడు మా ఆయన ఫోన్లో. "నువ్వు కూడా యార్డుకి రా. శుక్రవారం అక్కడెవరూ ఉండరు."

ఏదో ఊరికి పిలిచినట్టు సంబరపడ్డాను.

ఆ శుక్రవారం యార్డులో బానెట్ ఎత్తి ఇద్దరం లోపలికి తొంగి చూశాం. వెనకాల రేవు క్రేన్లు, ఉప్పు గాలి, తలకి తగిలే రేకుల వేడి. డీజిల్ ఫిల్టర్ అడుగున ఒక చుక్క ఊరి, బరువెక్కి, జారి పడుతోంది. దొరికింది దొంగ అన్నాడు మా ఆయన. కొత్త ఫిల్టరు, కొత్త వాషరు ముందే తెచ్చిపెట్టాడు. పాతది విప్పి, కొత్తది బిగించి, ఫిల్టర్ పైన ఉండే చేతి పంపుని నొక్కుతూ పోయాడు. పైపులో గాలి ఉంటే డీజిల్ బండి కదలదు. ఆ గాలినంతా బుడగలు బుడగలుగా బయటికి పంపించాలి. కాసేపు ఆయన నొక్కాడు, కాసేపు నేను నొక్కాను. వారంలో మొదటిసారి నా చేతులు నా కోసం పనిచేస్తున్నట్టనిపించింది. బండి స్టార్టయింది. ఆయన ముఖం చూస్తే ఓడని లాగి ఒడ్డున పెట్టినట్టుంది.

తిరిగి అవాలికి వస్తుంటే, సిత్రా వంతెన దిగుతుండగా మళ్లీ వాసన.

నేను గమనించానని ఆయనకి తెలుసు, ఆయన గమనించాడని నాకు తెలుసు. పక్కకి తీసి బానెట్ ఎత్తాడు. కొత్త ఫిల్టర్ అడుగున అదే చుక్క. బానెట్ ఎంత గట్టిగా వేశాడంటే పక్కనుంచి పోతున్న కారులో మనిషి తిరిగి చూశాడు. దిగబోతూ, వచ్చే వారం చూద్దాంలే అన్నాను. ఆయన అప్పటికే గేరు వేశాడు.

కానీ వచ్చే వారం దాకా ఆగే మనిషి కాదు ఆయన. ఆ విషయంలో ఇద్దరం ఒకటే. డ్యూటీ అవగానే రోజూ బానెట్ కింద దూరేవాడు. ఫిల్టర్ అడుగున నీళ్లు తీసేయడానికి ప్లాస్టిక్ మర ఒకటి ఉంటుంది. చుక్క అక్కడినుంచే వస్తోందని దాన్ని బిగించాడు. ఆగలేదు. ఇంకా బిగించాడు. అది పుటుక్కున విరిగింది. అప్పటిదాకా చుక్కగా కారిన డీజిల్ ధారగా పోయి, షెడ్డంతా పారింది. ఆయన దాని మీద ఇసక పోస్తూ నాకు ఫోన్ చేశాడు. నేను పిల్లల బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను.

"అయిపోయింది. ఇంక దాని జోలికెళ్లను" అన్నాడు. "తుక్కుకే పోనీ."

"పోతే పోయిందిలే. ఎక్కడైనా బెంచీ మీద కూర్చుందాం" అన్నాను.

అన్నానే గానీ, ఆ ఎండల్లో ఏ బెంచీ మీద కూర్చుంటాం. ఫోన్ పెట్టేశాక ఇస్త్రీ పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బుర్రలో ఆ పైపులూ మరలే తిరుగుతున్నాయి. కొత్త ఫిల్టరేసినా చుక్క ఆగలేదంటే, అసలు ఆ చుక్క ఫిల్టర్‌ది అవునా కాదా అని ఒకటే అనుమానం. ఎవరికి చెప్పాలి. నాకు బండ్ల సంగతేం తెలుసు అంటాడేమోనని ఊరుకున్నాను.

మళ్లీ శుక్రవారం వచ్చేసరికి కోపం చల్లారి, ఆయన కొత్త మర సంపాదించి బిగించాడు. క్యాంపులో తన పక్క మంచం మనిషిని కూడా యార్డుకి పిలిచాడు. ఆయనది జగిత్యాల వైపు. మాకంటే పెద్దవాడు. ఇక్కడ తాపీ పని. ఊళ్లో ఏళ్ల తరబడి ట్రాక్టర్ నడిపాడట. నన్ను చూడగానే బాగున్నవా చెల్లె అని పలకరించి, బానెట్ కిందికి వంగాడు. చాలాసేపు చూశాడు. వేలితో తడి అంటించుకుని చూశాడు.

"పంపు సీలు వోయింది తమ్మి. పంపు మొత్తం ఊడదీసుడే. ఇది మనతోని గాదు" అన్నాడు.

మా ఆయన నేల మీద చతికిలపడ్డాడు. ఇంజన్‌కి డీజిల్ తోసే ఆ పెద్ద పంపు ఊడదీయడమంటే పెద్ద షెడ్డుకి తోలడమే, కఫీల్ వద్దన్న పనే. పెద్దాయన కూడా బాధపడ్డాడు. టీ తాగుదామని ఫ్లాస్కు తీశాడు. ఆ టీ పట్టుకుని నేను కూర్చోలేకపోయాను. షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్నాను. అప్పుడు నోట్లోంచి వచ్చేసింది వారమంతా నాలో తిరుగుతున్న మాట.

"పైనుంచేమన్నా కారి కిందికొస్తందేమో. వానొస్తే ఇంటి దూలం మీంచి నీళ్లు పాకి ఎక్కడో దూరంగా పడవా? అలాగేమో."

మా ఆయన ఏదో అనబోయాడు. పెద్దాయన గ్లాసు కింద పెట్టి, చెల్లె మాట గూడ సూద్దాం, పోయేదేమున్నది అన్నాడు. తడి మీద తడి ఉంటే ఏదీ తెలియదని ఆయనే చెప్పాడు. ముందు సబ్బు నీళ్లతో కడిగి పొడిగా తుడవాలి, తరవాత పొడి చల్లాలి. అప్పట్లో ట్రాక్టరుకి బూడిద చల్లేవాడట. బూడిద లేదు గానీ నా బ్యాగులో ముఖానికి రాసుకునే పౌడర్ డబ్బా ఉంది. పైపుల మీద, పంపు మీద, ఫిల్టర్ చుట్టూ డబ్బా సగమయ్యేదాకా చల్లాం. ఇంజనంతా పిండి బొమ్మలా తెల్లగా అయిపోయింది. మల్లెపూల వాసన, దాని కింద డీజిల్ వాసన. పెద్దాయనకి నవ్వాగలేదు.

"ఇగ ఇంజన్ చాలూ చేసి కూసోవాలె. ముట్టద్దు. ఎంతసేపైనా సరే, ముట్టద్దు" అన్నాడు.

ఇంజన్ ఆన్ చేశారు. నాకూ మా ఆయనకీ అంతకంటే కష్టమైన పని ఇంకొకటి లేదు. ఆయన చేయి దానంతట అదే పానా వైపు పోతోంది. నేను ఆ చేతిని పట్టుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. ఇంజన్ గురగురమంటోంది. పంపు తెల్లగానే ఉంది. ఫిల్టర్ తెల్లగానే ఉంది. ముగ్గురం ముక్కాలిపీటల్లాంటి తాళ్ల చుట్టల మీద కూర్చుని, ఏదో పురిటి గది బయట ఉన్నట్టు ఎదురుచూస్తున్నాం. పెద్దాయన చెవి ఒగ్గి విన్నాడు. దుబాయికొచ్చి ఇన్నేండ్లయింది, ఇంజన్ చప్పుడు ఇట్ల కూసొని ఇనలే అన్నాడు. బహ్రెయిన్‌ని కూడా ఆయన దుబాయి అనే అంటాడు.

ముందు నేనే చూశాను. చాలా వెనక, క్యాబిన్ గోడకి ఆనుకుని, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఆఖరి నాజిల్ దగ్గర పొడి కాస్త నల్లబడింది. ఫోన్ లైట్ వేశాను. నల్లటి గీత ఒకటి దారం పోగంత సన్నగా ఇనప పైపు మీదుగా పాకుతోంది. పాకుతూ పాకుతూ ముందుకి వచ్చి, పైపు వంపు దగ్గర కిందికి దిగి, ఫిల్టర్ అడుక్కి చేరి అక్కడ చుక్క కట్టింది.

"బావా, ఆపు" అన్నాను. "అక్కడ."

మా ఆయన ఇంజన్ ఆపి, వంగి వెనక్కి తొంగి చూశాడు. నాజిళ్లలో మిగిలిన డీజిల్‌ని మళ్లీ ట్యాంకుకి పంపే చిటికెన వేలంత లావు రబ్బరు పైపు ముక్క. పైన అల్లిన నూలు పొర ఉంది. ఎండకీ వేడికీ ఎండి, నొక్కితే బెరడులా పగులుతోంది. పెద్దాయన చూసి తల గోక్కున్నాడు. నేను గూడ తప్పే చెప్పిన, పంపు ఊడదీపిచ్చేటోన్ని అన్నాడు. ఆయన సిగ్గుపడలేదు, మేమూ ఏమీ అనుకోలేదు. పట్టకారుతో పీకిన ఆ పిసరంత రబ్బరు ముక్కని ముగ్గురం చేతులు మార్చుకుంటూ చూశాం.

సామాన్ల దుకాణం శుక్రవారం నమాజు అయ్యాక గానీ తెరవరు. ఇంకో ఎదురుచూపు. మా ఆయన యార్డు పికప్‌లో వెళ్లి, మూసి ఉన్న షట్టర్ ముందే నిలబడ్డాడు. దుకాణం భాయ్ మొదట ఇచ్చినది లావుపాటి పెట్రోలు పైపట. అదైతే వదులుగా ఉండి మళ్లీ కారుతుందని, పాత ముక్క చూపించి సరిపోయేది వెతికించి తెచ్చాడు. ఇంజన్ చల్లబడేదాకా మళ్లీ ఆగాం.

ముందువైపు నాజిళ్ల పైపులూ పాతవే, వాటిని ఆయన తేలిగ్గానే మార్చాడు. ఆఖరిది ఎక్కలేదు. క్యాబిన్ గోడకీ ఇంజన్‌కీ మధ్య సందులో ఆయన చేయి మణికట్టు దాకా పోయి ఇరుక్కుంటోంది. వేళ్ల చర్మం లేచిపోయింది. పెద్దాయన చేయి ఇంకా లావు. నేను గాజులు తీసి మా ఆయన చొక్కా జేబులో వేసి, స్టూలెక్కి, చేయి పెట్టాను. కనబడదు. తడుముకోవాలి. ఇటుపక్కనుంచి ఆయన చెప్తున్నాడు, ఇంకొంచెం కిందికి, ఆ, అదే, బొడిపెలా తగుల్తంది చూడు, దాని మీదికి తొయ్. చేయి జారుతోంది. చెమట కళ్లలోకి కారుతోంది. మా ఆయన తన తువ్వాలుతో నా నుదురు తుడిచాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన అలా తుడిచింది లేదు. ఆ వేళ నాకది గుర్తించే తీరిక కూడా లేదు. పైపు బొడిపె మీదికి ఎక్కి, చివరిదాకా వెళ్లి ఆనింది. వేళ్లకి తెలిసింది.

"కూచుంది" అన్నాను.

"లాగి చూడు."

లాగాను. రాలేదు.

మళ్లీ చేతి పంపు నొక్కి గాలి తీశాం. మళ్లీ కడిగి, డబ్బాలో మిగిలిన పౌడరంతా చల్లాం. బండి స్టార్ట్ చేసి ఈసారి ముగ్గురం నిలబడే చూశాం. ఎంతసేపు చూసినా తెలుపు తెలుపుగానే ఉంది. పెద్దాయన చాలనేదాకా ఇంజన్ ఆపలేదు. అవాలికి వెళ్లేటప్పుడు అద్దాలు ఎక్కించి, కావాలని వంతెన మీద నెమ్మదిగా పోనిచ్చాడు మా ఆయన. మల్లెపూల పౌడర్ వాసన తప్ప మరేమీ లేదు. దారంతా ఇద్దరం ఒకరి మాట మీద ఒకరం పడిపోతూ మాట్లాడుకున్నాం. పైపు గురించి, పెద్దాయన గురించి, దుకాణం భాయ్ గురించి. దిగాల్సిన మలుపు వచ్చేసిందని నేను చూసుకోలేదు.

తనిఖీలో బండి పాసయింది. ఆ మధ్యాహ్నం కఫీల్ తాళం అడిగి, తనే తోలుకుంటూ యార్డు బయటికి వెళ్లాడట. చాలాసేపటికి తిరిగొచ్చాడు. ముందు సీట్లో నల్ల అబాయాలో ఆయన తల్లి ఉంది. బాగా పెద్దావిడ. దిగలేదు, తలుపు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. భర్త పోయాక ఆ బండి ఎక్కడం అదే మొదటిసారట. ఇకమీద శుక్రవారాలు అమ్మని ఇందులో ఖర్జూరాల తోటకి తీసుకెళ్తానని కఫీల్ మా ఆయనతో చెప్పాడు. మాట మెత్తగానే చెప్పాడు. బాగుచేసినందుకు హల్వా డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు.

ఆ కబురు ఫోన్లో విన్నాక నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఆ ముసలావిడ మీద కోపం తెచ్చుకుందామంటే అదీ రావడం లేదు. పెరట్లో ఆరేసిన దుప్పట్లు ఆరకముందే తీసేసి, మళ్లీ ఆరేశాను.

తరవాత శుక్రవారాలు బస్సులో సీఫ్ వెళ్లి, మాల్‌లో కలుసుకునేవాళ్లం. లోపల చల్లగా ఉంటుంది. కానీ ఏమీ కొనకుండా ఎంతసేపు కూర్చుంటాం. అందుకని నడిచేవాళ్లం. పై అంతస్తు, కింది అంతస్తు, మళ్లీ పైకి. నాకైతే కూర్చోవడం కంటే అదే నయం. ఆయనకి కాళ్లు నొప్పులు. అలా తిరుగుతుండగానే అక్కడ నేల తుడిచే ఒకావిడ తెలుగులో పలకరించింది. కాకినాడ మనిషి. వాళ్ల కంపెనీలో ఆడవాళ్లని తీసుకుంటున్నారనీ, డ్యూటీ అయ్యాక ఎక్కడ ఉన్నా అడగరనీ చెప్పింది.

ఆ వారమే మేడమ్‌కి చెప్పాను, వీసా గడువు అయిపోయాక వేరే పనికి మారతానని. మేడమ్ ముందు ముఖం చిన్నబుచ్చుకుంది. మీ ఆయనతో ఉండటానికా అని అడిగింది. అవునన్నాను. గడువు పూర్తయ్యేదాకా అక్కడే చేసి, కాగితాల మీద సంతకం పెట్టించుకుని బయటికొచ్చాను. చిన్నపిల్ల గేటు దాకా వచ్చింది.

ఇప్పుడు సీఫ్‌లో నా డ్యూటీ, హిద్‌లో మా గది. ఒక్కటే గది, ఒక కిటికీ. ఆయన ఓవర్‌టైం ఉన్న రోజు నేను పడుకున్నాక వస్తాడు, నా షిఫ్టు పొద్దున్నే ఉంటే ఆయన లేవకముందే వెళ్లిపోతాను. అయినా ఒకే కప్పు కింద. గదిలో దిగిన కొత్తలో మంచాన్ని కిటికీ పక్కకి జరిపాను. వేడి కొడుతోందని గోడ పక్కకి, అక్కడ ఫ్యాను తగలడం లేదని తలుపు ఎదురుగా మార్చాను. ఆయన డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఇయ్యాల ఇటా?" అన్నాడు.

మంచం రెండో వైపు పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు.